ఊ కొట్టడమే వినడం కాదు

గుంటూరు నుంచి మాచర్లకు పోయే రైలుమార్గమూ, సికింద్రాబాదు నుంచి మిర్యాలగూడ మీదుగా కృష్ణ దాటి వచ్చే మార్గమూ కలిసే చోట ఉంది నడికుడి. పల్నాడు ఎక్స్‌ప్రెస్, జన్మభూమి, నారాయణాద్రి ఈ దారినే నడుస్తాయి. చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదుకూ పల్నాటికీ మధ్య తిరిగేవాళ్లకు ఆ రైళ్లలో గంటల కొద్దీ సమయం గడుస్తుంది. రైల్లోనే కాదు. చేలో మిరపకాయలు కోసేవాళ్లకూ, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకూ, సిమెంటు లారీ తోలేవాళ్లకూ చేతికి పనుంటుంది గానీ చెవికి ఉండదు. ఆ ఖాళీ చెవిలోకి ఇప్పుడు పాడ్‌కాస్ట్ వచ్చి చేరింది. పుస్తకం గురించి ఒకరు, షేర్ల గురించి ఒకరు, నిన్నటి అసెంబ్లీ గురించి ఇంకొకరు గంటా రెండు గంటలు మాట్లాడుతూనే ఉంటారు. ఇది మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం కంటే దీన్ని ఎలా వింటే మనకు పనికొస్తుందో తేల్చుకోవడం అవసరం. పుస్తకాలు, రాజకీయం, డబ్బు, రోజువారీ వ్యవహారాలు, ఈ నాలుగూ కలిపి వినాలనీ, విన్నదాన్ని ఇంకో మనిషి ముందు పెట్టి నిలదీసుకోవాలనీ నా వాదన. రెండోది లేకపోతే మొదటిది ఎంత విన్నా నిలవదు.

పాడ్‌కాస్ట్ అంటే పెద్ద సాంకేతిక వింత ఏమీ కాదు. మాటను రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడితే, కావలసినవాళ్లు కావలసినప్పుడు వింటారు. కొత్త భాగం రాగానే దానంతటదే వినేవాళ్ల దగ్గరికి చేరే ఏర్పాటు 2000 దశకం మొదట్లోనే అమెరికాలో తయారైంది. 2005 జూన్‌లో యాపిల్ తన ఐట్యూన్స్‌లో చోటివ్వడంతో జనంలోకి వచ్చింది. మన దగ్గరికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టిందంటే కారణం డేటా ఖరీదు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు దాదాపు 269 రూపాయలు అయ్యేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక అది కుప్పకూలి పది రూపాయల దరిదాపుల్లోకి వచ్చింది. గంటసేపు మాట వినడానికి సాధారణ నాణ్యతలో 30 నుంచి 60 ఎంబీ చాలు, అదే వీడియో అయితే దానికి ఎన్నో రెట్లు కావాలి. అయినా తెలుగువాళ్లు ఎక్కువగా వినేది యూట్యూబ్‌లోనే. ఫోను జేబులో పెట్టుకుని, బొమ్మ చూడకుండా, మాట మాత్రం వినేవాళ్లు ఎందరో ఉన్నారు. కాబట్టి ఇక్కడ పాడ్‌కాస్ట్ అన్నప్పుడు యాప్ ఏదైనా సరే, తీరిగ్గా సాగే మాట అనే అర్థం చేసుకుందాం.

విని తెలుసుకోవడం పల్నాటికి కొత్త కాదు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని శ్రీనాథుడు కావ్యంగా రాశాడంటారు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించారు. కానీ ఆ కథను ఇన్ని వందల ఏళ్లు బతికించింది పుస్తకం కాదు, వీరవిద్యావంతుల గొంతు. ఎక్కువగా దళిత కులాలకు చెందిన ఈ గాయకులు ఇప్పటికీ కార్తీక మాసం చివర కారెంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజుల పాటు సాగే వీరుల ఉత్సవాల్లో ఆ గాథ పాడతారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగైర్ ఇక్కడి గాయకులు పాడిన కథను రికార్డు చేసుకుని, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా పుస్తకంగా తెచ్చాడు. ఆ యుద్ధంలో తలపడ్డ నాగమ్మ పక్షమా బ్రహ్మనాయుడి పక్షమా అని పల్నాటివాళ్లు ఇప్పటికీ వాదించుకోగలరంటే, ఆ కథ చదివి నేర్చుకున్నది కాకపోవడం, పదిమందిలో కూర్చుని విన్నది కావడం ఒక ముఖ్య కారణమనుకుంటాను. పదిమందిలో విన్న కథ మీద అక్కడికక్కడే తగాదా వస్తుంది. ఆ తగాదాలోనే కథ గుర్తుండిపోతుంది.

బుర్రకథ దగ్గరికి వస్తే ఈ తగాదా కళారూపంలోనే భాగమైంది. మధ్యలో తంబురా పట్టుకున్న కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. వారిలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు చెబుతున్నది బొబ్బిలి యుద్ధమైనా, రాజకీయ వంత మధ్యలో అడ్డుపడి ఇవాళ్టి బియ్యం ధర గురించో, సర్కారు నిర్వాకం గురించో ఎత్తుకుంటాడు. హాస్యపు వంత జనంలో ఉన్న అనుమానాన్ని తన నోటితో అడిగేస్తాడు. కథకుడు జవాబు చెప్పి ముందుకు పోవాలి. గుంటూరు దగ్గరి పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ప్రజానాట్యమండలి ద్వారా ఊరూరా తిప్పారు. పల్నాటి యుద్ధమూ చెప్పారు, బెంగాల్ కరువూ చెప్పారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పాత కథ, ఇవాళ్టి ధరలు, ఎన్నికలు, బెంగాల్ కరువు అన్నీ ఒకే రాత్రి ఒకే వేదిక మీద దొరికేవి. ఇవన్నీ ఒకే బతుకుకు చెందిన విషయాలు కాబట్టి వినేవాళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు. చెప్పేవాడి పక్కన ప్రశ్న అడిగే మనిషి ఉండడమే ఆ ప్రదర్శనకు ప్రాణం.

రేడియో వచ్చాక ఆ ప్రశ్నించే మనిషి కనపడకుండా పోయాడు. అయినా పూర్తిగా పోలేదు. 1948 డిసెంబరులో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే కోస్తా ఊళ్లు చెవులప్పగించి వినేవి. ఆయన ధర్మసందేహాల కార్యక్రమం మాత్రం శ్రోతలు ఉత్తరాలు రాసి అడిగిన ప్రశ్నల మీదే నడిచింది. ఇక విన్నదాన్ని చర్చించడం వల్ల ఎంత తేడా వస్తుందో మన దేశంలోనే శాస్త్రీయంగా కొలిచి చూశారు. 1956లో యునెస్కో సాయంతో పుణె రేడియో కేంద్రం మరాఠీ ప్రాంతంలోని ఐదు జిల్లాల్లో దాదాపు 150 గ్రామాలను ఎంచుకుంది. ఒక్కో ఊళ్లో ఇరవై మంది దాకా ఒకచోట చేరి, వారానికి రెండుసార్లు, పదివారాల పాటు వ్యవసాయం గురించి, ఆరోగ్యం గురించి అరగంట కార్యక్రమం విన్నారు. విన్నాక అక్కడే కూర్చుని మాట్లాడుకున్నారు. సందేహాలు రేడియో కేంద్రానికి రాసి పంపారు. సామాజిక శాస్త్రవేత్త పాల్ నూరత్ ఈ ఊళ్లను, రేడియో ఉన్నా చర్చా బృందం లేని ఊళ్లతోనూ, అసలు రేడియోయే లేని ఊళ్లతోనూ పోల్చి చూశాడు. చర్చించిన ఊళ్లలో అవగాహన బాగా పెరిగింది. రేడియో ఉండి చర్చ లేని ఊళ్లు చాలా వెనకబడ్డాయి. అక్షరం రానివాళ్లు కూడా చర్చ ద్వారా లాభపడ్డారు. ఇవాళ పాడ్‌కాస్ట్ వినే ప్రతివాళ్లూ తెలుసుకోవలసిన ఫలితమిది, ఎందుకంటే ఇయర్‌ఫోను పెట్టుకుని ఒంటరిగా వినే మనం చర్చా బృందం లేని ఆ ఊళ్ల స్థితిలో ఉన్నాం.

తెలుగులో ఇప్పుడు ఏం దొరుకుతుందో చూస్తే, పుస్తకాల వైపు మన అదృష్టం బాగుంది. హర్షణీయం పాడ్‌కాస్ట్ తెలుగు కథలను చదివి వినిపిస్తుంది, రచయితలతోనూ అనువాదకులతోనూ తీరిగ్గా మాట్లాడిస్తుంది. దాసుభాషితం యాప్ తెలుగు పుస్తకాలను శ్రవణ పుస్తకాలుగా అందిస్తోంది. కాలిఫోర్నియాలో ఉంటూ 2007 నుంచి కౌముది అంతర్జాల మాసపత్రికను నడుపుతున్న కిరణ్ ప్రభ, రచయితల జీవితాల మీద, సినిమావాళ్ల మీద, చరిత్ర మీద చేసిన టాక్‌షోలు భాగాలు భాగాలుగా గంటల కొద్దీ సాగుతాయి. పుస్తకం దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకు ఇవి ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. పల్నాటి ఊళ్లలో మంచి పుస్తకాల షాపు వెతుక్కోవాలంటే నరసరావుపేటో గుంటూరో పోవాలి. అమెరికాలో కూర్చున్న తెలుగువాడి గొంతు దాచేపల్లి పక్క ఊళ్లో వినపడడం చిన్న సంగతి కాదు.

అయితే సాహిత్యం మాత్రమే వినేవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవలను తీసుకుందాం. 1921లో పల్నాటి రైతులు అడవిలో పశువులు మేపుకోవడానికి కట్టాల్సిన పుల్లరి పన్ను మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమంలో పాల్గొన్నందుకు ఉన్నవ జైలుకు వెళ్లారు, అక్కడే ఆ నవల రాశారు. 1922 ఫిబ్రవరిలో ఆ ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు మించాలపాడు దగ్గర పోలీసు తూటాలకు బలయ్యాడు. నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు ఈ పుస్తకాన్ని ఏ కోవలో వేస్తారు? అది సాహిత్యం. పుల్లరి ఎంత, ఎవరి మీద ఎంత పడింది అన్నది డబ్బు సంగతి. సహాయ నిరాకరణ ఉద్యమంలో పల్నాడు ఎక్కడ నిలిచిందన్నది రాజకీయం. అడవి మీద హక్కు ఎవరిదన్నది ఇవాళ్టికీ తెగని వ్యవహారం. మాలపల్లిని కథగా విని పుల్లరి సంగతి తెలుసుకోనివాళ్లకు సగమే అందినట్టు. పుల్లరి గురించి చరిత్ర పాఠంగా విని నవల జోలికి పోనివాళ్లకు మనుషులు అందలేదు. యాప్‌లు, ఛానెళ్లు విషయాలను విడదీసి అమ్ముతాయి. వినేవాళ్లే వాటిని మళ్లీ కలుపుకోవాలి.

డబ్బు గురించి చెప్పే కార్యక్రమాలు తెలుగులో వరదలా ఉన్నాయి. ఈ వరదలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, 2021–22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ముందు ముందు ధర ఎటు పోతుందన్న అంచనా మీద బేరాలు సాగే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో లావాదేవీలు చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ వ్యాపారంలో దిగినవాళ్లలో 72 శాతానికి పైగా ముప్పై పెద్ద నగరాల బయటివాళ్లే. అంటే నరసరావుపేట, మాచర్ల, గురజాల లాంటి ఊళ్లవాళ్లు కూడా ఈ లెక్కలో ఉన్నారు. 2023 అక్టోబరులో సోషల్ మీడియాలో షేర్ పాఠాలు చెప్పే ఒక ప్రసిద్ధ ఛానెల్ నిర్వాహకుణ్ణి సెబీ మార్కెట్ నుంచి నిషేధించి, 17 కోట్ల రూపాయలకు పైగా జమ చేయమంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లతో బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు చేతులు కలపకూడదని 2024లో నిబంధన తెచ్చింది. పాఠం చెప్పేవాళ్లు మూడు నెలల లోపు ధరలను ఉదాహరణగా వాడకూడదని 2025 జనవరిలో ఆదేశించింది. ఇన్ని ఆంక్షలు ఎందుకు వచ్చాయంటే, పాఠం పేరుతో సలహా, సలహా పేరుతో అమ్మకం సాగుతున్నాయి గనక.

నమ్మిన గొంతు డబ్బు పోగొట్టడం యూట్యూబ్‌తో మొదలవలేదు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ దాదాపు 32 లక్షల మంది దగ్గర 6 వేల కోట్లకు పైగా వసూలు చేసి చేతులెత్తేసింది. ఆ డబ్బు పత్రికల్లో ప్రకటన చూసి కట్టినది తక్కువ, తెలిసిన ఏజెంటు ఇంటికొచ్చి చెబితే విని కట్టినది ఎక్కువ. మనకు దగ్గరి గొంతు మీద నమ్మకం ఎక్కువ. ఇయర్‌ఫోనులో రోజూ వినపడే గొంతు కొన్నాళ్లకు మేనమామంత దగ్గరైపోతుంది, అతను మన పేరు కూడా ఎరగడన్న సంగతి మరుగున పడుతుంది. అందుకే డబ్బు పాడ్‌కాస్ట్ వినేటప్పుడు మూడు విషయాలు అడిగి తీరాలి. అతనికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందా? అతను చెబుతున్న యాప్ నుంచి అతనికి కమీషన్ వస్తుందా? అతను నష్టపోయిన సంవత్సరం గురించి ఎప్పుడైనా చెప్పాడా? మూడో ప్రశ్నకు జవాబు దొరకని పాడ్‌కాస్ట్‌ను డబ్బు విషయంలో నమ్మకపోవడమే మేలు.

ఇంకో లోపం కూడా ఉంది. తెలుగు డబ్బు కార్యక్రమాలు ఎక్కువగా జీతం తీసుకునే నగరవాసి కోసం చేసినవి. సిప్, ఇన్సూరెన్సు, ఇంటి రుణం, పన్ను మినహాయింపు. పల్నాటి ఇంట్లో అసలు డబ్బు సమస్య మిర్చి టిక్కీల (బస్తాల) దగ్గర ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టి అప్పు తెచ్చుకోవాలా, గుంటూరు యార్డుకు తోలి వచ్చినకాడికి అమ్ముకోవాలా? 2023లో తేజ రకం క్వింటాలు 20 వేలు దాటింది. 2025 మొదట్లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కాక, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, అదీ 2.54 లక్షల టన్నుల పరిమితితో. ఆ ధర ఎలా లెక్క కట్టారు, తేడా సొమ్ములో కేంద్రం ఎంత, రాష్ట్రం ఎంత, విదేశీ కొనుగోళ్లు తగ్గితే యార్డులో ధర ఎందుకు పడుతుంది, స్టోరేజీ అద్దె, అప్పు మీద వడ్డీ కలిపితే ఆగడం వల్ల లాభమా నష్టమా? ఒక్క క్వింటాలు మిర్చి ధర అర్థం కావాలన్నా డబ్బు సంగతి, రాజకీయం, దేశదేశాల వార్తలు కలిపి వినాల్సిందే. నేను చెబుతున్న కలిపి వినడం పండితుల ముచ్చట కాదు, రైతు అవసరం.

రాజకీయం సంగతి పల్నాటిలో తేలిక కాదు. ఏ పత్రిక ఏ పార్టీదో, ఏ ఛానెల్ ఎవరిదో తెలుగువాళ్లందరికీ తెలుసు. తెలిసీ తమకు నచ్చినదే చూస్తారు. ఒక మాట పదేపదే చెవిన పడితే అది అబద్ధమైనా నిజమనిపించడం మొదలవుతుందని 1977లో అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు హ్యాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో ప్రయోగం చేసి చూపించారు. ఆ తర్వాత ఎన్నో పరిశోధనలు దాన్ని బలపరిచాయి. యూట్యూబ్ మనం నిన్న విన్నదాన్ని బట్టి ఇవాళ వినిపిస్తుంది కాబట్టి ఈ ప్రమాదం రెట్టింపు. దీర్ఘ విశ్లేషణకు తెలుగులో ఆదరణ లేకపోలేదు. మాజీ ఎమ్మెల్సీ, జర్నలిజం ఆచార్యుడు కె. నాగేశ్వర్ రోజువారీ విశ్లేషణలకు, బీబీసీ తెలుగులో జీఎస్ రామ్మోహన్ వారంవారం చేసే షోకు శ్రోతలు ఉన్నారు. ఇవి అరుపులు లేకుండా ఒక విషయాన్ని పట్టుకుని నడుస్తాయి, అది వాటి బలం. అయితే ఈ తరహా కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఒకే మనిషి మాట. ఎంత నిజాయితీపరుడి మాటైనా, ఎదురు అడిగేవాడు లేనప్పుడు బుర్రకథలో వంతల పని వినేవాళ్ల మీద పడుతుంది. ఒకే వ్యవహారం మీద రెండు వేర్వేరు వైపుల వాళ్లను వినడం అందుకు కనీస మార్గం.

ఇక ఆక్షేపణలు. మొదటిది గట్టిది: వినడం కంటే చదవడం మేలు కదా? పుస్తకంలో అర్థం కాని వాక్యం దగ్గర ఆగవచ్చు, వెనక్కి పోవచ్చు, గీత గీసుకోవచ్చు. అమెరికాలో డేనియల్, వుడీ అనే ఇద్దరు అధ్యాపకులు 2010లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని పాడ్‌కాస్ట్‌గా విన్న విద్యార్థులు అదే పాఠాన్ని చదివినవాళ్ల కంటే పరీక్షలో బాగా వెనకబడ్డారు. అయితే 2016లో రొగౌస్కీ బృందం చేసిన మరో ప్రయోగంలో, కథనాత్మకమైన ఒక పుస్తకం నుంచి తీసుకున్న భాగాలను విన్నవాళ్లకూ చదివినవాళ్లకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: కథలా సాగేదాన్ని విన్నా నష్టం లేదు, లెక్కలూ నిబంధనలూ ఉన్నదాన్ని విని వదిలేస్తే నష్టమే, అప్పుడు కాగితం కూడా కావాలి. కాబట్టి పరీక్షకు చదివేవాళ్లు పాడ్‌కాస్ట్‌ను పుస్తకానికి బదులుగా పెట్టుకోకూడదు. కానీ ఈ ఆక్షేపణ చదవగలిగినవాళ్లను మాత్రమే దృష్టిలో పెట్టుకుని చేసింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, ఆడవాళ్లలో 59 శాతం. చదవడం రాని అమ్మమ్మకు, చదవడం వచ్చినా పత్రిక పట్టుకునే తీరిక లేని కూలి మనిషికి, కళ్లు కనపడనివాళ్లకు వినడమే దారి. వాళ్లకు చదవడంతో పోటీ పెట్టి వినడాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు.

రెండో ఆక్షేపణ: రెండు గంటల మాట ఎవరికి కావాలి, అసలు విషయం నిమిషంలో చెప్పేయొచ్చు కదా? నిమిషంలో ఎంత చెప్పగలమో ఒక ఉదాహరణ చూద్దాం. 2024 మే 13న ఎన్నికల పోలింగ్ జరిగినప్పుడు మాచర్ల నియోజకవర్గం పాల్వాయిగేటు కేంద్రంలో ఓటింగ్ యంత్రాన్ని పగలగొట్టిన దృశ్యం, వారం తర్వాత బయటికొచ్చి దేశమంతా తిరిగింది. హింస దృష్ట్యా ఎన్నికల సంఘం పల్నాడు ఎస్పీని సస్పెండ్ చేసి కలెక్టరును బదిలీ చేసింది. ఆ కొద్ది క్షణాల వీడియో ఒక నేరానికి సాక్ష్యం, అందుకు దాని విలువ దానిది. అయితే పల్నాటిలో ఎన్నికలు ఇలా ఎందుకయ్యాయి, ఊరి పెత్తనం, కాంట్రాక్టులు, కక్షలు ఎలా ముడిపడ్డాయి అన్నది అందులో దొరకదు. దేశం ఆ వీడియో చూసి పల్నాడంటే ఇంతే అనుకుని వెళ్లిపోయింది. ఆ అన్యాయాన్ని సరిదిద్దాలంటే తీరిగ్గా చెప్పే మాట, తీరిగ్గా వినే చెవి కావాలి. నిడివి దానంతటది గొప్ప కాదని ఒప్పుకోవాలి. ఇద్దరు స్నేహితులు మూడు గంటలు ఒకరినొకరు మెచ్చుకుంటూ కూర్చుంటే ఆ మూడు గంటల్లో శ్రోతకు దక్కేది ఏమీ ఉండదు. అతిథి చెప్పినదానికి ఎక్కడైనా ఆధారం అడిగారా అన్నదే చూడాల్సింది.

మూడో ఆక్షేపణను నేను తేలిగ్గా కొట్టిపారేయలేను. నలుగురిలో కూర్చుని రాజకీయం చర్చించమంటున్నారు, కక్షలు రగిలిన ఊళ్లో అది ప్రాణం మీదికి రాదా? ఇయర్‌ఫోనే అక్కడ రక్షణ కదా? నిజమే. తమ ఇంటి పార్టీకి విరుద్ధమైన మాట ఎవరికీ తెలియకుండా వినగలగడం ఒక స్వేచ్ఛ. కోడలికి, చదువుకునే అమ్మాయికి ఆ స్వేచ్ఛ ఇంకా విలువైనది, ఇంట్లో అడగలేని ప్రశ్నకు జవాబు చెవిలో దొరుకుతుంది. ఆ చాటును ఎవరూ చెరపకూడదు. కానీ చర్చకు రచ్చబండే కావాలని లేదు. నమ్మకమైన ఒక్క మనిషి చాలు. పైగా అన్ని విషయాలూ రాజకీయమంత ప్రమాదం కాదు. డ్వాక్రా సంఘాలు ఎలాగూ సమావేశమవుతాయి, పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు అక్కడ మాట్లాడుకుంటారు. ఆ సమావేశంలో పావుగంట ఏదైనా డబ్బు కార్యక్రమం అందరూ విని, ఇందులో మనకు వర్తించేది ఏది, వర్తించనిది ఏది అని తేల్చుకుంటే, 1956లో పుణె పరిసరాల్లో చేసిందే మళ్లీ చేసినట్టు. డబ్బుతో మొదలైన అలవాటు పుస్తకానికి పాకుతుంది. రాజకీయం దాకా రావడానికి ఊరి పరిస్థితిని బట్టి ఎంతకాలమైనా పట్టవచ్చు.

చివరిది: ఇవన్నీ చెప్పేవాళ్లు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు, మా ఊరి సంగతి చెప్పే పాడ్‌కాస్ట్ ఏది? ఈ ఫిర్యాదు న్యాయమైనదే, కానీ దీనికి జవాబు తెలుగు నేల మీదే ఉంది. జహీరాబాదు దగ్గరి మాచునూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు 1998లోనే స్టూడియో ఏర్పాటు చేసుకున్నారు. ప్రసారానికి అనుమతి లేదు. అయినా ఆగలేదు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి తామే మాట్లాడి టేపుల్లో రికార్డు చేసి, ఊళ్లలో సంఘం సమావేశాలకు తీసుకెళ్లి వినిపించి, చర్చించారు. పదేళ్ల తర్వాత, 2008 అక్టోబరు 15న సంఘం రేడియోకు అధికారికంగా ప్రారంభం జరిగింది. ప్రారంభించినది జస్టిస్ పి.బి. సావంత్. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఆయన ఉన్నారు. ఆ మహిళలు టేపులతో పదేళ్లు చేసినది పాడ్‌కాస్టింగే. వాళ్లకు లేని సౌకర్యాలు ఇప్పుడు ఉన్నాయి: ఫోనే స్టూడియో, లైసెన్సు అక్కర్లేదు, రికార్డు చేసినది వాట్సాప్‌లో పంపినా చాలు.

నడికుడిలో అలాంటిది మొదలుపెడితే తొలి విషయం కోసం వెతుక్కోవలసిన పని లేదు. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త రైలుమార్గం 2011–12లో మంజూరైంది, పొడవు సుమారు 309 కిలోమీటర్లు. మొదట పిడుగురాళ్ల నుంచి శావల్యాపురం దాకా పూర్తయింది. వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి, వెంకటగిరి మీదుగా శ్రీకాళహస్తి చేరాలి. ఇన్నేళ్లు ఎందుకు పట్టింది, భూమి ఎవరిది పోయింది, ఎకరానికి ఎంత ఇచ్చారు, ఖర్చులో రాష్ట్రం వాటా ఎంత కట్టింది, లైను పూర్తయితే మిర్చి, సిమెంటు ఏ రేవుకు చౌకగా పోతాయి, నడికుడిలో ఏ రైళ్లు ఆగుతాయి? భూమి ఇచ్చిన రైతును ఒక వైపు, రైల్వే ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని ఇంకో వైపు కూర్చోబెట్టి, మధ్యలో ఊరి డిగ్రీ విద్యార్థి ఒకరు ప్రశ్నలు అడిగితే గంట కార్యక్రమం అవుతుంది. దాన్ని విన్నవాళ్లు ఫలానా లెక్క తప్పని ఫోను చేస్తే, రెండో భాగానికి విషయం అక్కడే దొరుకుతుంది.